రాత్రిపూట మరీ నల్లబడే కారు అద్దాలు: ఎనిమిది వారాల ప్రాజెక్టు డైరీ

మొదటి రాత్రి

ఈ డైరీ మొదలవడానికి కారణం ఒక సైకిలు. రోడ్డు పని వల్ల వాహనాలన్నీ నెమ్మదిగా కదులుతున్న చోట, వీధి దీపాలు లేని చీకట్లో, పక్క వరుసలోకి మారబోతూ సైడ్ మిర్రర్‌లోకి చూశాను. అద్దమంతా నలుపు. ఆ నలుపు అంచున వెనుక లారీ హెడ్‌లైట్లు రెండు ఆకుపచ్చని చుక్కలుగా కనిపించాయి తప్ప మరేమీ లేదు. పక్కన ఎవరూ లేరనుకుని స్టీరింగు తిప్పబోతుండగా వెనుక సీటులో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, ఆగు, పక్కన సైకిలుంది" అని అరిచాడు. తల తిప్పి కిటికీలోంచి చూస్తే, దీపం లేని సైకిలు మీద ఒక మనిషి మా వెనుక తలుపుకు మూరెడు దూరంలో ఉన్నాడు.

ఇంటికి వచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. అంతకుముందు నేను నడిపిన కారులో మామూలు సైడ్ మిర్రర్లే ఉండేవి. అవి వెనుక వెలుతురును కళ్లలో కొట్టేవి, నిజమే, కానీ అలాంటి చీకట్లోనూ పక్కన ఏదో కదులుతున్నదన్న జాడ వాటిలో తెలిసేది. ఈ కారులో మూడు అద్దాలూ, అంటే డ్రైవరు తల దగ్గరి లోపలి అద్దమూ రెండు సైడ్ మిర్రర్లూ, తమంతట తామే మసకబారతాయి. కళ్లకు సుఖంగానే ఉంది కానీ, ఆ సుఖానికి బదులుగా అద్దం నా నుంచి ఎంత దాస్తున్నదో కొలిచి చూడాలని, వీలైతే సరిచేయాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

మొదటి వారం: అద్దం లోపల ఏం జరుగుతోంది

ఏదీ విప్పకముందు దాని పనితీరు తెలుసుకోవాలి. పాత పద్ధతి లోపలి అద్దానికి కింద చిన్న మీట ఉంటుంది. ఆ అద్దపు పలక ఒక వైపు మందంగా, ఇంకో వైపు పలచగా, చీలమేకు ఆకారంలో ఉంటుంది. మీట లాగితే వెండిపూత ఉన్న వెనుక తలం మన చూపు నుంచి తప్పుకుని, ముందు గాజు తలం మీద పడిన కాంతిలో సుమారు నాలుగు శాతం మాత్రమే కంటికి చేరుతుంది. అది రెండే మెట్లున్న ఏర్పాటు: పగలు, రాత్రి.

తానే మసకబారే అద్దం పూర్తిగా వేరే జాతి. ఈ రకం విద్యుత్ రసాయన అద్దాన్ని జెంటెక్స్ సంస్థ 1987లో కార్ల కోసం అమ్మకానికి తెచ్చింది. రెండు గాజు పలకల మధ్య సన్నటి ఖాళీలో ఒక జెల్ ఉంటుంది. గాజుల లోపలి ముఖాలకు విద్యుత్తును ప్రసరింపజేసే పూత ఉంటుంది, ముందు పలక మీది పూత పారదర్శకమైనది. సుమారు 1.2 వోల్టుల పీడనం ఇచ్చినప్పుడు జెల్‌లోని ఒక పదార్థం ఒక పూత దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని రంగు తేలుతుంది, మరొకటి ఎదుటి పూత దగ్గర ఎలక్ట్రాన్లు వదిలి ఇంకో రంగు తేలుతుంది. ఆ రెండు రంగులూ కలిసి ముదురు నీలం, ఆకుపచ్చ కలగలిసిన ఛాయగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక వివరం తర్వాత నాకు ఎంతో పనికొచ్చింది. రంగు తేలిన ఆ రెండు పదార్థాలూ జెల్‌లో మెల్లగా వ్యాపించి నడిమధ్యలో ఎదురుపడి, ఒకదాని ఎలక్ట్రాన్లు ఇంకొకటి తీసుకుని మళ్లీ రంగులేనివైపోతాయి. అంటే అద్దం నల్లగా ఉండాలంటే విద్యుత్ ప్రవాహం ఆగకుండా సాగుతూనే ఉండాలి. ప్రవాహం తగ్గిస్తే నలుపు తగ్గుతుంది, ఆపేస్తే అద్దం దానంతట అదే తేటపడుతుంది. అలా రూపొందించడం మంచి ఆలోచన, ఎందుకంటే వైరు తెగినా ఫ్యూజు పోయినా ఇలాంటి అద్దం మామూలు అద్దంగానే మిగులుతుంది.

ఎంత నల్లబడాలో నిర్ణయించేవి లోపలి అద్దంలోని రెండు సెన్సర్లు. ఒకటి ముందు అద్దం (విండ్‌షీల్డు) వైపు చూస్తూ పరిసరాల వెలుతురును కొలుస్తుంది. రెండోది వెనుక అద్దం (కారు వెనుక కిటికీ గాజు) వైపు చూస్తూ హెడ్‌లైట్ల తీవ్రతను కొలుస్తుంది. పరిసరాలు చీకటిగా ఉండి, వెనుక నుంచి అంతకు మించిన వెలుతురు వస్తేనే అద్దం మసకబారుతుంది. రివర్స్ గేరు వేస్తే వెంటనే తేటపడాలన్న సంకేతం కూడా దానికి అందుతుంది. నా కారులో సైడ్ మిర్రర్లకు సొంత సెన్సర్లు లేవు. లోపలి అద్దం ఏది నిర్ణయిస్తే, రెండు వైర్ల ద్వారా అవీ అదే చేస్తాయి.

చివరి వాక్యం నోటుపుస్తకంలో రాసుకున్నాక దాని కింద గీత గీశాను. లోపలి అద్దం చూసేది నా వెంటే వస్తున్న వాహనాన్ని. సైడ్ మిర్రర్ చూడవలసింది పక్క వరుసను. వెనుక లారీ వెలుతురును బట్టి పక్కనున్న సైకిలును ఎంత దాచాలో నిర్ణయించడమే నా సమస్యకు మూలమని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

రెండో వారం: పగటి పరీక్ష, ముందు సెన్సర్

ముందుగా అద్దం చెడిపోలేదని నిర్ధారించుకోవాలి. దీనికి ఏ పనిముట్టూ అవసరం లేదు. పగటిపూట ఇగ్నిషన్ వేసి, ముందు సెన్సర్‌ను నల్లటి టేపుతో మూసి, వెనుక సెన్సర్ మీద టార్చి వేశాను. నాలుగైదు సెకన్లలో మూడు అద్దాలూ నల్లబడ్డాయి. టార్చి తీసేస్తే ఏడెనిమిది సెకన్లలో తేటపడ్డాయి. టార్చి వేసి ఉంచే రివర్స్ గేరు వేయిస్తే, అప్పుడూ తేటపడ్డాయి. అంచుల్లో పసుపు మరకలు, బుడగలు, మధ్యలో తేటగా మిగిలిపోయిన మచ్చలు లేవు. అలాంటివి కనిపిస్తే జెల్ కారుతున్నట్టే, అప్పుడు అద్దం మార్చడమే దారి. చలికాలంలో జెల్ చిక్కబడి నల్లబడటమూ తేటపడటమూ రెండూ నెమ్మదిస్తాయి కాబట్టి ఈ సెకన్ల లెక్కను వెచ్చటి రోజున తీసుకోవడం మంచిది.

ముందు సెన్సర్‌ను టేపుతో మూయడానికి వంగినప్పుడే మొదటి తప్పు దొరికింది. నేను స్వయంగా బిగించిన డ్యాష్‌క్యామ్ (రోడ్డును చిత్రీకరించే చిన్న కెమెరా) పట్టీ ఆ సెన్సర్‌కు సరిగ్గా ఎదురుగా ఉంది. దాని నల్లటి ప్లాస్టిక్కు నీడలో ఆ సెన్సర్‌కు సంజవేళ కూడా నడిరాత్రిలాగే తోస్తుంది. పరిసరాలు ఎంత చీకటిగా ఉన్నాయనుకుంటే అద్దం అంత తక్కువ వెలుతురుకే నల్లబడుతుంది. ముందు అద్దానికి పైన అతికించే ముదురు రంగు పట్టీ, ఏదైనా స్టిక్కరు, వేలాడదీసిన బొమ్మ కూడా ఇదే పని చేస్తాయి.

డ్యాష్‌క్యామ్‌ను ఒక జానెడు పక్కకు జరిపి, ముందు అద్దాన్ని లోపలి వైపు శుభ్రంగా తుడిచాను. ఆ సాయంత్రమే తేడా తెలిసింది. వీధి దీపాలున్న రోడ్ల మీద అద్దాలు సగానికి సగం తక్కువసార్లు నల్లబడ్డాయని తమ్ముడు పక్కన కూర్చుని లెక్కపెట్టి చెప్పాడు. దీపాలు లేని రోడ్డు మీద మాత్రం ఏ మార్పూ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అక్కడ పరిసరాలు నిజంగానే చీకటి.

మూడో వారం: వెనుక అద్దం మీది ఫిల్మ్

ఈ కారు కొన్నప్పటికే వెనుక అద్దానికి ముదురు ఫిల్మ్ అతికించి ఉంది. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. వెలుతురును కొలిచే లక్స్ మీటరుతో లోపలా బయటా కొలిస్తే, పడిన వెలుతురులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే లోపలికి వస్తోంది.

లోపలి అద్దాన్ని కూడా కొలిచాను. చీకటి గదిలో టార్చిని స్టాండుకు బిగించి, రెండు మీటర్ల దూరంలో మీటరు పెట్టి నేరుగా ఒక కొలత తీసుకున్నాను. తర్వాత టార్చి నుంచి అద్దానికి ఒక మీటరు, అద్దం నుంచి మీటరుకు ఇంకో మీటరు ఉండేట్టు అమర్చి, ప్రతిఫలించిన వెలుతురును కొలిచాను. దారి మొత్తం పొడవు ఒకటే కాబట్టి ఈ రెండు కొలతల నిష్పత్తే ప్రతిఫలన శాతం. తేటగా ఉన్నప్పుడు 78, పూర్తిగా నల్లబడినప్పుడు 8 వచ్చింది.

ఈ ఎనిమిది శాతం చూసి అద్దంలో లోపముందని అనుకోకూడదు. ఐక్యరాజ్యసమితి వారి 46వ వాహన నిబంధన ప్రకారం, ప్రతిఫలనం మార్చుకోగల అద్దం పగటి స్థితిలో కనీసం 40 శాతం, రాత్రి స్థితిలో కనీసం 4 శాతం కాంతిని ప్రతిఫలిస్తే చాలు. అమెరికా భద్రతా ప్రమాణం 111లోనూ రాత్రి స్థితికి ఇదే 4 శాతం కనిష్ఠం, పగటికి 35 శాతం. కాబట్టి నా అద్దం నియమాల్లోనే ఉంది. అయితే నియమం అద్దాన్ని మాత్రమే చూస్తుంది, నా కంటికి చేరేది అద్దమూ కిటికీ గాజూ రెండూ దాటి వచ్చిన వెలుతురు. ఎనిమిది శాతంలో మూడో వంతు అంటే మూడు శాతం కూడా మిగలదు.

ఫిల్మ్‌ను ఆవిరితో మెత్తబరిచి ఊడదీయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. గాజు మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్ గీతలు తెగిపోకుండా బ్లేడు వాడకుండా చేతితోనే లాగాను. ఆ రాత్రి ఒక వింత కనిపించింది. అద్దం ఇదివరకటి కంటే ఎక్కువసార్లు నల్లబడుతోంది. ఆలోచిస్తే అది న్యాయమే: వెనుక సెన్సర్ కూడా ఆ ఫిల్మ్ గుండానే చూసేది, ఇప్పుడు దానికి ఎక్కువ వెలుతురు అందుతోంది. అయినా నల్లబడిన అద్దంలో కూడా వెనుక కారు ఆకారం, రోడ్డు అంచు, దాటిపోయిన మైలురాయి తెలుస్తున్నాయి. లోపలి అద్దం విషయంలో నా ఫిర్యాదు ఆ రోజుతో తీరిపోయింది. సైడ్ మిర్రర్లకు మాత్రం వెనుక ఫిల్మ్‌తో సంబంధం లేదు కాబట్టి, ఎక్కువసార్లు నల్లబడుతూ అవి మరింత దిగజారాయి.

నాలుగో వారం: సెన్సర్ మీద టేపు, ఒక విఫల ప్రయత్నం

వైర్ల జోలికి వెళ్లకుండా పని జరుగుతుందేమోనని వెనుక సెన్సర్ మీద తెల్లటి పలచటి మ్యాట్ టేపు అతికించాను. ఒక్కో పొర సుమారు సగం వెలుతురును ఆపుతుందని మీటరుతో ముందే చూసుకున్నాను. ఒక పొరతో తేడా తెలియలేదు. కారణం దూరం లెక్కలో ఉంది. వెలుతురు దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, సగం వెలుతురు అంటే హెడ్‌లైట్లు 1.4 రెట్లు దూరంగా ఉన్నట్టు మాత్రమే. ఇరవై మీటర్ల వెనుకనున్న లారీ సెన్సర్‌కు ఇరవై ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్నట్టు తోస్తుంది, అప్పటికీ అద్దాన్ని పూర్తిగా నల్లబరచడానికి ఆ వెలుతురు చాలు.

మూడు పొరలు వేస్తే ఎనిమిదో వంతు వెలుతురే అందుతుంది, లారీ యాభై ఆరు మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. అప్పుడు సైడ్ మిర్రర్లు చాలావరకు తేటగానే ఉన్నాయి, కానీ లోపలి అద్దమూ తేటగానే ఉండి, వెనుక హైబీమ్ నేరుగా కళ్లలో పడింది. అలా కళ్లు జిగేలుమన్నాక చాలా క్షణాల పాటు ముందు రోడ్డు కూడా సరిగా కనిపించలేదు. తీవ్రమైన వెలుతురు కంటిలోపల చెదిరి చూపంతటి మీదా పలచటి తెరలా పరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ ఈ చెదరడం ఎక్కువవుతుంది, చీకటికి అలవాటుపడిన కన్ను ఆ అలవాటును తిరిగి సంపాదించుకోవడానికి సమయం పడుతుంది. లోపలి అద్దం మసకబారడం ఒక విలాసం కాదు, నిజమైన అవసరం. మరునాడే టేపు మొత్తం తీసేశాను.

ఈ ప్రయత్నం వృథా కాలేదు. లోపలి అద్దాన్ని దాని మానాన వదిలి సైడ్ మిర్రర్లను మాత్రమే విడిగా సర్దాలని దీనితో ఖాయమైంది.

ఐదో వారం: అద్దాలు ఎటు చూస్తున్నాయి

వైర్లు కోసే ముందు ఇంకొక ప్రశ్న మిగిలింది. సైడ్ మిర్రర్లలో నా వెనుక లారీ అసలు ఎందుకు కనిపించాలి? నేను నేర్చుకున్న పద్ధతిలో సైడ్ మిర్రర్‌లో సొంత కారు పక్కభాగం కొంత కనిపించేట్టు పెట్టుకోవాలి. అలా పెడితే లోపలి అద్దంలో కనిపించే లారీయే సైడ్ మిర్రర్లలోనూ కనిపిస్తుంది, దాని వెలుతురు మూడు చోట్ల నుంచీ కళ్లలో పడుతుంది, పక్క వరుసలో కొంత మేర మాత్రం ఎక్కడా కనిపించదు.

1995లో జార్జ్ ప్లాట్జర్ అనే ఇంజినీరు వాహన ఇంజినీర్ల సంఘానికి సమర్పించిన పత్రంలో అద్దాల జ్యామితిని లెక్కగట్టి, సైడ్ మిర్రర్లను బాగా బయటికి తిప్పే పద్ధతిని వివరించారు. డ్రైవరు తలను తన కిటికీ గాజుకు ఆనించి, ఆ స్థితిలో సొంత కారు పక్క అంచు అద్దంలో లీలగా కనిపించేంత వరకు డ్రైవరు వైపు అద్దాన్ని బయటికి తిప్పాలి. తర్వాత తలను కారు నడిమధ్యకు వంచి, రెండో వైపు అద్దాన్ని అలాగే సర్దాలి. మామూలుగా కూర్చున్నాక సైడ్ మిర్రర్లలో సొంత కారు కనిపించదు, వెనుక లారీ కనిపించదు, పక్క వరుస మాత్రం నిండుగా కనిపిస్తుంది. దాటిపోయే బండి లోపలి అద్దం నుంచి తప్పుకుంటూండగానే సైడ్ మిర్రర్‌లోకి వస్తుంది, అందులోంచి తప్పుకుంటూండగానే పక్క కిటికీలోకి వస్తుంది.

మొదటి రెండు రోజులూ సొంత కారు కనిపించకపోవడం వల్ల దిక్కు తోచనట్టుగా ఉంది, సన్నటి సందులో కారు నిలపడానికి అవస్థపడ్డాను. మూడో రోజుకు అలవాటైంది. రాత్రిపూట సైడ్ మిర్రర్లలో జిగేలు దాదాపు లేకుండా పోయింది. జిగేలే లేనప్పుడు అవి నల్లబడవలసిన అవసరం కూడా చాలావరకు పోయినట్టే, కానీ వాటికి ఆ సంగతి తెలియదు. వెనుక సెన్సర్‌లో లారీ వెలుతురు పడగానే అవి ఎప్పటిలాగే నల్లబడుతున్నాయి.

ఆరో వారం: అద్దం విప్పడం

ఈ పని చేయబోయేవారు మొదట తెలుసుకోవలసిన సంగతి వైర్ల గురించి. నా కారు సైడ్ మిర్రర్ గాజు వెనుక నాలుగు వైర్లు ఉన్నాయి. రెండు మసకబారే జెల్‌కు, రెండు మంచును కరిగించే హీటరుకు. హీటరుకు వచ్చేది కారు బ్యాటరీ నుంచి 12 వోల్టులు. ఆ 12 వోల్టులు పొరపాటున జెల్‌కు తగిలితే అద్దం శాశ్వతంగా పాడవుతుంది. 1.5 వోల్టులు దాటినా చేటే. అందుకే మల్టీమీటరుతో ప్రతి వైరునూ నిర్ధారించుకుని రంగుల టేపుతో గుర్తు పెట్టేదాకా దేన్నీ ముట్టుకోలేదు. కొన్ని కార్లలో సైడ్ మిర్రర్లను తలుపులోని మాడ్యూలు విడిగా నడుపుతుంది, వాటికి ఇక్కడ రాసినది నేరుగా వర్తించదు. వారంటీ ఉన్న కారులో ఈ పని చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

గాజును హెయిర్ డ్రయ్యరుతో గోరువెచ్చగా చేసి, లోపలి అంచును మెల్లగా అదిమి, బయటి అంచు పైకి లేచాక వేళ్లు పోనిచ్చి క్లిప్పుల నుంచి విడదీశాను. గాజు పగిలితే లోపలి ద్రవం చర్మానికీ కళ్లకూ మంచిది కాదు, ప్లాస్టిక్కునూ రంగునూ కూడా పాడుచేస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకునే పని చేశాను.

జెల్ వైర్ల మధ్య మీటరు పెట్టి, తమ్ముడితో లోపల టార్చి వేయించాను. తేటగా ఉన్నప్పుడు సున్నా. పూర్తిగా నల్లబడినప్పుడు 1.2 వోల్టులు, సుమారు 150 మిల్లీఆంపియర్లు. తేటపడేటప్పుడు లోపలి అద్దం ఆ రెండు వైర్లనూ ఒకదానితో ఒకటి కలిపేసి, జెల్‌లో మిగిలిన విద్యుత్తును త్వరగా బయటికి రాబడుతోంది. వైర్లు విప్పేసి చూస్తే కూడా అద్దం తేటపడింది కానీ చాలా ఎక్కువ సమయం తీసుకుంది.

ప్రయాణికుడి వైపు అద్దం సంగతి అక్కడికక్కడే తేల్చేశాను. అది కుంభాకార దర్పణం, హెడ్‌లైటు బింబాన్ని చిన్నది చేసి, వెలుతురును చెదరగొట్టి, కంటికి తక్కువగా చేరవేస్తుంది. దానికి తోడు అది నా కంటికి దూరంగా ఉంది, ఇప్పుడు బయటికి కూడా తిరిగింది. దాని జెల్ వైర్లు రెండింటినీ కనెక్టరు దగ్గర విప్పి, ఒక్కోదానికి విడివిడిగా ఇన్సులేషన్ తొడిగి, కట్టి పెట్టాను. ఏదీ కోయలేదు, కాబట్టి ఎప్పుడు కావాలన్నా తిరిగి తగిలించవచ్చు.

ఏడో వారం: రెసిస్టరు

డ్రైవరు వైపు అద్దాన్ని పూర్తిగా విప్పేయడానికి మనసు ఒప్పలేదు. పక్క వరుసలో హైబీమ్‌తో దగ్గరవుతున్న బండి ఆ అద్దంలో నేరుగా పడుతుంది, అప్పుడు కొంత మసక అవసరమే. నాకు కావలసింది నలుపుకూ తేటకూ మధ్యనున్న ఒక మెట్టు.

జెల్‌లో ప్రవాహం ఆగకుండా సాగుతుందన్న మొదటి వారపు వివరం ఇక్కడే పనికొచ్చింది. ప్రవాహం ఉన్నచోట వరుసలో ఒక రెసిస్టరు (ప్రవాహాన్ని కొంత అడ్డగించే చిన్న భాగం) పెడితే కొంత వోల్టేజి దాని మీద తరిగిపోయి, జెల్‌కు తక్కువ అందుతుంది. వెలుతురును కొలవడంలో మాత్రం ఒక చిక్కు ఉంది. డ్రైవరు వైపు అద్దం కూడా కొద్దిగా కుంభాకారమే కాబట్టి, లోపలి అద్దానికి వాడిన పద్ధతిలో అసలు ప్రతిఫలన శాతం సరిగా రాదు, చెదిరిన వెలుతురు లెక్కలోకి రాకుండా పోతుంది. అందుకని టార్చినీ మీటరునూ కదపకుండా, తేటగా ఉన్నప్పటి కొలతను వందగా తీసుకుని మిగిలినవాటిని దానితో పోల్చాను.

రెసిస్టరు లేనప్పుడు జెల్‌కు 1.2 వోల్టులు అందుతాయి, వెలుతురు 14. వరుసలో 4.7 ఓముల రెసిస్టరు పెడితే 0.83 వోల్టులు, వెలుతురు 30. 6.8 ఓములతో 0.77 వోల్టులు, వెలుతురు 40. 10 ఓములతో 0.70 వోల్టులు, వెలుతురు 52. రెసిస్టరులో ఖర్చయ్యే శక్తి ఒక వాటులో ఇరవయ్యో వంతు కూడా లేదు, కాబట్టి పావు వాటు రెసిస్టరు సరిపోతుంది, వేడెక్కే భయం లేదు.

ఏది సరైనదో బల్ల మీద తేలదు. ఖాళీగా ఉన్న విశాలమైన మైదానంలో నా కారు నిలిపి, తమ్ముడు తన కారును వెనుక పక్క వరుసలో ఉన్నట్టుగా నిలిపాడు. ముదురు రంగు దుస్తులు వేసుకున్న ఇంకొకరు, ఆ కారు వెలుతురు దారిలోకి రాకుండా, మా వెనుక తలుపు పక్కన నిలబడ్డారు. అసలు స్థితిలో ఆ మనిషి అద్దంలో లేనేలేరు. 4.7 ఓములతో, అక్కడ ఉన్నారని ముందే తెలుసు కాబట్టి పోల్చగలిగాను. 6.8 ఓములతో, అద్దంలోకి చూసిన మొదటి చూపులోనే మనిషి ఆకారం తెలిసింది. 10 ఓములతో ఇంకా స్పష్టంగా తెలిసింది, కానీ తమ్ముడు "అన్నయ్యా, ఇప్పుడు హైబీమ్ వేస్తున్నా, చూసుకో" అని లైట్లు వేయగానే కళ్లు మూసుకోవలసి వచ్చింది. 6.8 దగ్గరే ఆగిపోయాను.

ఒక అనుమానం ముందునుంచీ ఉంది: తేటపడేటప్పుడు కూడా విద్యుత్తు అదే రెసిస్టరు గుండా వెనక్కి వెళ్లాలి కదా, ఆలస్యం కాదా? కొలిచి చూస్తే ఎనిమిది సెకన్లకు బదులు పది సెకన్లు పట్టింది. అద్దం తక్కువగా నల్లబడుతుంది కాబట్టి తేటపడటానికి మిగిలే పని కూడా తక్కువే, అందుకే నేను భయపడినంత తేడా రాలేదు. అయినా ఒక షాట్కీ డయోడును (తక్కువ వోల్టేజికే ఒక దిశలో ప్రవాహాన్ని పోనిచ్చే భాగం) రెసిస్టరుకు సమాంతరంగా, జెల్ నుంచి వెనక్కి వచ్చే ప్రవాహానికి మాత్రమే దారి ఇచ్చేట్టు కలిపాను. మామూలు సిలికాన్ డయోడుకు ఈ కాస్త వోల్టేజి చాలదు, షాట్కీకి సుమారు 0.3 వోల్టులు సరిపోతాయి. సమయం తొమ్మిది సెకన్లకు తగ్గింది. ఒక్క సెకను కోసం ఇంత శ్రమ అక్కర్లేదని ఇప్పుడు అనిపిస్తోంది, ఇంకొకరికి చెప్పవలసి వస్తే డయోడు మానేయమనే చెబుతాను.

రెసిస్టరునూ డయోడునూ సోల్డరు చేసి, జిగురు పూత ఉన్న, వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, నీరు నిలవని పై భాగంలో కట్టి, గాజును తిరిగి క్లిప్పుల్లోకి అదిమాను. నాలుగు క్లిప్పులూ పడిన చప్పుడు విడివిడిగా వినేదాకా వదల్లేదు. ఒక్క క్లిప్పు పడకపోయినా వేగంలో గాజు అదిరి, అద్దంలోని దృశ్యం మసకమసకగా ఊగుతుంది.

ఎనిమిదో వారం

ఎనిమిది రాత్రుల ప్రయాణాలు అయ్యాయి. లోపలి అద్దం తన పద్ధతిలో నల్లబడుతోంది, దాన్ని ఏమీ చేయలేదు. డ్రైవరు వైపు అద్దం ఒక మెట్టు దిగి ఆగిపోతోంది, ప్రయాణికుడి వైపు అద్దం తేటగా ఉంటోంది. మూడింటిలో మూడు రకాల వెలుతురు మొదట విచిత్రంగా అనిపించినా, ఏ అద్దంలో దేనికోసం చూస్తున్నానన్నది ఇప్పుడు కంటికే తెలిసిపోతోంది. వరుస మారే ముందు తల తిప్పి కిటికీలోంచి చూసే అలవాటును మాత్రం సైకిలు కనబడిన రాత్రి నుంచీ వదల్లేదు, ఇక వదలను కూడా.

నిన్న పెద్ద వాన కురిసింది. ఈ ఉదయం గాజు మళ్లీ విప్పి చూశాను. గొట్టం లోపల తేమ లేదు. మీటరు పెట్టి, తమ్ముడితో టార్చి వేయిస్తే 0.77 వోల్టులే ఉంది. ప్రయాణికుడి వైపు విప్పి కట్టిన కనెక్టరులో మాత్రం ఒక పిన్ను మీద ఆకుపచ్చ చిలుము కనిపించింది. దాన్ని గీకి శుభ్రం చేసి, గ్రీజు పూసి, రబ్బరు టోపీ తొడిగాను.

తలుపు వేసి వస్తుండగా తమ్ముడు తన కారు అద్దాల వైపు చూపించి, "ఈ ఆదివారం నావి కూడా బయటికి తిప్పి పెడదాం అన్నయ్యా" అన్నాడు. అతని కారువి మామూలు అద్దాలే. వాటికి ఏ వైరూ విప్పనక్కర్లేదు, అయిదు నిమిషాల పని.